రేటు చెప్పకుండా కట్టె అడగొద్దు

బెంగళూరులో పంట వ్యర్థాల నుంచి గ్యాసూ ఇథనాలూ బ్రికెట్లూ (పొట్టును నొక్కి చేసే ఇంధన దిమ్మలు) తీసే కంపెనీలు పెట్టిన, పెట్టబోతున్న మన తెలుగు పిల్లలకు, వాళ్ల వెనక డబ్బు పెడుతున్న పెద్దలకు నమస్కారం.

మాది పావగడ తాలూకాలో ఒక పల్లె. పేరుకు తుమకూరు జిల్లా, చుట్టూ దాదాపు ఆంధ్రే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఇప్పుడు దాసరహళ్లిలో ఉంటూ పీణ్య, దొడ్డబళ్లాపురం వైపు బాయిలర్లకు శెనక్కాయ పొట్టు, కందికట్టె, బ్రికెట్లు తోలిస్తుంటాను. ఫ్యాక్టరీల్లో నన్ను వెండర్ అంటారు, ఊళ్లో పొట్టు వ్యాపారి అంటారు. ఇటు మీ మాటా అటు రైతు మాటా రెండూ చెవిన పడే చోట ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

మీలో కొందరు పిలిచి మాట్లాడారు, సంతోషం. స్లైడ్లు బాగున్నాయి. మిషన్ల గురించి మీకు తెలిసినంత నాకు తెలియదు, ఆ విషయంలో వేలు పెట్టను. నాకు ఎక్కనిది ఒక్క వరుస. ముడిసరుకు ఖర్చు అన్నచోట ఒకరు సున్నా వేశారు, ఇంకొకరు రవాణా చార్జీ మాత్రమే రాశారు. పొలంలో పడి ఉంది, ఎలాగూ తగలబెడతారు, మనం ఎత్తుకొస్తే రైతుకే మేలు చేసినట్టు అన్న ధోరణి. ఆ వరుస తప్పయితే కింద వేసిన లాభాలన్నీ తప్పే.

పొలంలో మిగిలినదానికి ఒక యజమాని ఉంటాడు. దానికోసం మీకన్నా ముందునుంచి కాచుకున్నవాళ్లూ ఉంటారు. శెనక్కాయ పొట్టు సంగతే చూడండి. అది రైతు దగ్గర ఉండనే ఉండదు. రైతు కాయలు అమ్మేస్తాడు. మిల్లులో ఒలిచాక పొట్టు మిల్లువాడిది. కాయ బరువులో పావు వంతు దాకా పొట్టే. చెళ్లకెరె, హిందూపురం, మా పావగడ మిల్లుల దగ్గర దానికి బ్రికెట్లవాళ్లూ బాయిలర్లవాళ్లూ ఎప్పటినుంచో పోటీ పడుతున్నారు. వానలు లేక పంట పోయిన ఏడాది మిల్లు తిరగదు, పొట్టు రాదు, ఉన్న కాస్తకీ రేటు ఆకాశానికి పోతుంది. మీ ప్లాంటు మాత్రం బ్యాంకు కిస్తీ కట్టాలి కదా.

శిడ్లఘట్ట వైపు వెళ్తే మల్బరీ పుల్లలు కుప్పలుగా కనిపిస్తాయి. పట్టుపురుగు ఆకు తినేశాక మిగిలే పుల్ల అది. కారులో పోతూ ఫోటో తీస్తే వ్యర్థమే. దిగి ఆ ఇంట్లో అడగండి. కొంత వంటకు, నీళ్లు కాచుకోవడానికి పోతుంది, కొంత పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీసే రీలింగ్ పొయ్యిల కిందికి పోతుంది. కందికట్టె ఇంకో కథ. బేరం ఆడేది ఇంటాయనే, కానీ ఆఖరి మాట ఇంటావిడది. ఒక ఊళ్లో రేటు కుదిరి ట్రాక్టరు కూడా పిలిపించాక, ఆ ఇంటి ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "అంతా తోలేస్తే ఏడాది పొడుగునా నీళ్లు దేంతో కాచుకోవాలన్నా?" అంది. సిలిండరు ఉంది, కానీ స్నానం నీళ్లకు గ్యాసు కాల్చే స్తోమత అన్ని ఇళ్లలో లేదు. ఆమెకు కావలసినంత పక్కన పెట్టించి మిగిలిందే తెచ్చుకున్నాం. ఇలా పక్కన పెట్టేది మీ లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

రాగి గడ్డి జోలికైతే అసలు రావద్దు, అది పశువుల మేత. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. ఆ జిల్లాలో చాలా ఇళ్లు ఇప్పుడు పాల మీదా పట్టు మీదా నడుస్తున్నాయి. బోర్లు ఎండిపోయిన ఊళ్లలో కూడా పొద్దునా సాయంత్రం డెయిరీ దగ్గర క్యాన్లు వరుసలో ఉంటున్నాయంటే ఆ గడ్డివాముల పుణ్యమే. వేసవిలో వాము అయిపోతే ఆవును సంతకు తోలాల్సిందే. పంజాబ్, హర్యానాలో వరి కోతకూ గోధుమ విత్తనానికీ మధ్య మూడు వారాల వ్యవధి కూడా సరిగా ఉండదు. హార్వెస్టరు కోసిన గడ్డి తీయడానికి టైము లేక అక్కడ నిప్పు పెడతారు. అక్కడి పొగ ఫోటో పెట్టి ఇక్కడ ప్లాంటు పెడతామంటే ఎలా? ఏ జిల్లాలో ఏది నిజంగా మిగులుతోందో, ఏ నెలలో మిగులుతోందో ముందు తెలుసుకోండి. పత్తికట్టె మిగులుతుంది, మొక్కజొన్న బెండ్లు మిగులుతాయి, కొబ్బరి పీచు పొట్టు మిగులుతుంది. మీరు ఊహించినంత కాదు, ఊహించిన చోట కాదు.

మీలో ఒక తమ్ముడు కోలారు టమాటాతో గ్యాస్ తీస్తానన్నాడు. టమాటా కుళ్లితే గ్యాస్ వస్తుంది, నిజమే. కానీ అందులో తొంభై పాళ్లకు పైగా నీళ్లే. పైగా రేటు పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసినప్పుడే నీకు మేత దొరుకుతుంది. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు మార్కెట్లో మచ్చ ఉన్న కాయ కూడా అమ్ముడుపోయింది. రైతు నష్టపోతే తప్ప నడవని ప్లాంటు ఎన్నాళ్లు నడుస్తుంది తమ్ముడూ? మార్కెట్ చెత్తలో కలిపి వాడుకో, దాన్నే నమ్ముకోకు.

ఇక పెద్ద ప్లాంట్ల సంగతి. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కట్టిన రెండో తరం (గింజ నుంచి కాక గడ్డి నుంచి తీసే) ఇథనాల్ ప్లాంటును 2022 ఆగస్టు 10న ప్రారంభించారు. ఖర్చు 900 కోట్లకు పైనే. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్లు తీయాలన్నది లెక్క. అంటే టన్నుకు 150 లీటర్లు. వినడానికి బాగుంది. ఇప్పుడు అదే లెక్కను నా వైపు నుంచి చూడండి. రోజుకు దాదాపు 550 టన్నుల గడ్డి. ట్రాలీకి మూడు టన్నుల కట్టలు పట్టాయనుకున్నా రోజూ 180 ట్రాలీలు గేటులోకి రావాలి. గడ్డి వచ్చేది ఏడాదిలో కొన్ని వారాలే కాబట్టి మిగతా నెలలకు ఎక్కడో వాములు వేసి, వానా నిప్పూ తగలకుండా కాపాడాలి. సంగ్రూర్ జిల్లా లెహ్రాగాగాలో వెర్బియో కంపెనీ గ్యాస్ ప్లాంటుదీ అదే తీరు: రోజుకు 33 టన్నుల గ్యాస్‌కు 300 టన్నుల గడ్డి. ఆ రెండూ గడ్డి కుప్పలుగా దొరికే చోట ఉన్నాయి. మన దగ్గర అంత సరుకు పోగెయ్యాలంటే ఎన్ని తాలూకాలు తిరగాలి? విడి పొట్టు లారీ అంచుల దాకా నిండుతుంది, కాటా మీద మాత్రం బరువు తేలదు. మనం డీజిల్ పోసి తోలేది సగం గాలే. అందుకే నేను ఊరి దగ్గరే బ్రికెట్లు కొట్టించి తేవడం మొదలుపెట్టాను.

కేంద్రం 2018 అక్టోబరులో బయోగ్యాస్ ప్లాంట్ల కోసం సతత్ పథకం తెచ్చినప్పుడు 2023 కల్లా 5,000 గ్యాస్ ప్లాంట్లు వస్తాయన్నారు. ఆ గడువు దాటిపోయింది, అందులో చిన్న భాగమే వచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. ఇప్పుడు కొత్తగా పైపు గ్యాస్ కంపెనీలు తమ అమ్మకంలో బయోగ్యాస్ కలపాలని నిబంధన వచ్చింది. 2025-26లో 1 శాతంతో మొదలై 2028-29కి 5 శాతానికి పోవాలి. అంటే మీ గ్యాస్‌కు కొనేవాడు ఖాయం. అమ్మకానికి గ్యారంటీ ఇచ్చారు గానీ కొనుగోలు సంగతి, అంటే రైతు దగ్గర కొనే సంగతి, ఎవరికీ పట్టలేదు. రిలయన్స్ అంతటి సంస్థ అప్పటి ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన చేసినప్పుడు, బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచుకునే లెక్కతో వచ్చింది. పంటల్లో మిగిలేదాన్నే నమ్ముకుని దిగితే కుదరదని వాళ్లకు అర్థమైందనే నేననుకుంటున్నాను.

పనిలో పనిగా ఇంకో మాట. మొక్కజొన్న గింజలతో ఇథనాల్ చేస్తూ స్లైడులో పంట వ్యర్థాలని రాసుకోకండి. ఇథనాల్‌కు గింజ మళ్లడంతో కోళ్లదాణా రేటు పెరిగింది. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతి చేసుకుంది. అది మంచో చెడో వేరే చర్చ. గింజ గింజే, బెండు బెండే.

అసలు గొడవంతా ఫ్యాక్టరీ గేటు దగ్గర. మీలో చాలామంది దాన్ని చూసి ఉండరు, ఎందుకంటే ఆ టైముకు మీరు మీటింగుల్లో ఉంటారు. లోడు రాత్రి బయల్దేరి తెల్లవారుజామున చేరుతుంది. పది దాటితే గానీ లోపలికి పిలవరు. చలికాలమైతే అప్పటికి పట్ట మీద మంచు కురిసి పైపొర చెమ్మగిల్లి ఉంటుంది. సూపర్‌వైజర్ మాయిశ్చర్ మీటరు తెచ్చి, పట్ట చిరిగిన మూల చూసి మరీ అక్కడే గుచ్చుతాడు. 18 శాతం తేమ చూపిస్తుంది. ఒప్పందం 12. మధ్యలో గుచ్చి చూడు సార్ అని డ్రైవరు బతిమాలతాడు. మీటరు పుల్ల అంత లోతుకు పోదని సమాధానం. ఒప్పుకుంటే కటింగ్, అంటే తూకంలో కోత. ఒప్పుకోకపోతే లోడు వెనక్కి. వెనక్కి తోలుకుపోతే డీజిల్ డబ్బులు కూడా రావు కాబట్టి అందరూ ఒప్పుకుంటారు.

ఆ కటింగ్ ఎలా వేస్తారో చూడండి. 10 టన్నుల లోడులో 18 శాతం తేమ ఉందంటే ఎండుసరుకు 8 టన్నుల 200 కిలోలు. అదే సరుకు 12 శాతం తేమతో వస్తే తూగేది 9 టన్నుల 320 కిలోల దాకా. కాబట్టి న్యాయంగా కోయాల్సింది 680 కిలోలు. నేను సరుకు తోలిన ఒక ఫ్యాక్టరీలో ఒక్కో శాతం తేమకు రెండు శాతం తూకం కోస్తారు. ఆరు శాతం ఎక్కువైతే పన్నెండు శాతం, అంటే 1,200 కిలోలు. తేడా అర టన్నుకు పైమాటే. ఆ అర టన్ను సరుకు నిజంగా బాయిలర్లో మండుతుంది, దాని ఆవిరితో బట్టలకు రంగు పడుతుంది, డబ్బులు మాత్రం రావు. నేను ఆ నష్టాన్ని వచ్చే లోడులో రైతు మీద వేస్తాను. రైతు కట్టె కోసిన కూలీల మీద వేస్తాడు. రెండు సీజన్లు ఇలా అయ్యాక అతను కట్టె అమ్మడం మానేసి చేలోనే అగ్గిపుల్ల గీస్తాడు. అప్పుడు రైతులకు అవగాహన లేదని మీరు ఇంకో స్లైడు వేస్తారు.

మా సప్లయర్లూ శుద్ధపూసలేం కాదు. కాటాకు ముందు నీళ్లు చల్లేవాళ్లున్నారు, బ్లేడుతో పొలం గీకి మట్టితో సహా ఎత్తుకొచ్చేవాళ్లున్నారు. ఆ మట్టీ ఇసుకా బాయిలర్లో కరిగి క్లింకరుగా గడ్డకడితే గునపంతో పొడిచి తీయాల్సింది మీ ఆపరేటరే. ఆ కష్టం నేను చూశాను. దీనికి మందు సూపర్‌వైజర్ మూడ్ కాదు, పద్ధతి. లోడులో నాలుగైదు చోట్ల నుంచి నమూనా తీసి, ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచండి. అదే నమూనాను కాల్చి బూడిద చూడండి. ఎండుసరుకుకే డబ్బు కట్టండి, మట్టికి కట్టకండి. ఆ చీటీ ఒకటి డ్రైవరు చేతికివ్వండి. నీళ్లు చల్లేవాడికి అప్పుడు నీళ్ల ఖర్చు దండగ. మీ పెట్టుబడిలో ఓవెన్ ఒక లెక్కలోది కాదు.

ఇవేవీ నేను కనిపెట్టినవి కావు. మీ బెంగళూరులోనే పాత పాఠం ఒకటుంది. ఐఐఎస్సీ అనే పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త ఎ.కె.ఎన్. రెడ్డి గారి చొరవతో 1974లో పల్లెల పనికొచ్చే సాంకేతికత కోసం అస్త్ర అనే విభాగం మొదలైంది. వాళ్లు కుణిగల్ తాలూకా పురా గ్రామంలో ఊరుమ్మడి గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టారు. మొదట ఇంటింటికీ వంటగ్యాస్ ఇద్దామనుకున్నారు. ఊళ్లో దొరికే పేడతో వచ్చే గ్యాస్ అన్ని పొయ్యిలకూ చాలలేదు. 1987 నుంచి అదే గ్యాస్‌తో ఇంజను నడిపి కరెంటు తీసి బోరు నీళ్లూ ఇంటి దీపాలూ ఇచ్చారు. ఊరికి అంతకన్నా ముందు కావలసింది నీళ్లే. ఎవరు ఎంత పేడ తెచ్చారో తూచి రాసుకునేవారు, మోసుకొచ్చినందుకు కిలోకింత అని పైసలు ఇచ్చేవారు, గ్యాస్ తీశాక మిగిలిన మడ్డిని ఎవరి వాటా వాళ్లకు ఎరువుగా తిరిగిచ్చేవారు. ఆ కాలంలో పేడను కూడా ఊరికే తీసుకోలేదండీ. అంత చదువుకున్న సైంటిస్టులు తూకం, కూలి, తిరిగి ఇవ్వడం అనే మూడింటినీ ముందే రాసిపెట్టుకున్నారు.

మడ్డి విషయం మీరు తేలిగ్గా తీసుకుంటున్నారు. మన ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం అంతంత మాత్రం. కట్టెతో పాటు పొటాషూ పోతుంది. ఏటా ఎత్తుకెళ్లి ఏమీ తిరిగి ఇవ్వకపోతే నాలుగేళ్లకు దిగుబడి చూసి రైతే మీకు దణ్ణం పెట్టేస్తాడు. గ్యాస్ ప్లాంటు ఎరువుకు టన్నుకు 1,500 రూపాయల సాయం కేంద్రం 2023లో ప్రకటించింది. ఆ ఎరువును బస్తాల్లో నింపి నర్సరీలకు అమ్ముకునే ముందు, కట్టె ఇచ్చిన ఊళ్లకు లారీ తిరుగు ప్రయాణంలో పంపండి. ఎలాగూ ఖాళీగా పోయే లారీయే. బాయిలర్ బూడిద కూడా అంతే.

కాగితం విలువ మా తాలూకా రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, దాదాపు 13 వేల ఎకరాల్లో. భూములు కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, అంతా రాతలో. కరువు ఊళ్లలో ఆ కాగితం చూసే జనం సంతకం పెట్టారు. దాంట్లో లోటూ ఉంది. భూమి ఉన్నవాడికి కౌలు వచ్చింది, ఆ భూమిలో కూలి చేసుకునేవాళ్లకు పని పోయింది. కందికట్టె కోసి మోపులు కట్టేది కూడా ఎక్కువగా ఆడకూలీలే. మీ రేటులో వాళ్ల కూలి విడిగా రాయండి, రైతు రేటులో కలిపేయకండి. కలిపితే అది వాళ్లదాకా పోదు.

ఇంధనం పేరు చెప్పి మా వైపు జనాన్ని ఒకసారి ఊరించిన చరిత్ర కూడా ఉంది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదం నూనెతో డీజిల్ అని చెప్పింది, 2011-12 కల్లా డీజిల్‌లో 20 శాతం అదే అన్నారు. చెట్లు పెట్టారు, కాపు అనుకున్నట్టు రాలేదు, వచ్చిన గింజలు కొనేవాడు కనిపించలేదు. ఇప్పుడు మీరు బయోఫ్యూయల్ అన్నప్పుడు ఊరి పెద్దలు నవ్వితే కోప్పడకండి.

నేను అడిగేది ఎక్కువేం కాదు. చెరకుకు ధర సీజనుకు ముందే ప్రకటిస్తారు కదా, కట్టెకూ అలాగే చెప్పండి. పొలం గట్టు దగ్గర టన్నుకు ఎంత అన్నది చెప్పండి, గేటు దగ్గర ఎంతో కాదు. గేటు రేటు చెప్తే మధ్యలో నాలాంటివాళ్లం ఎంత మిగుల్చుకుంటున్నామో రైతుకు తెలియదు. అది తెలియడం నాకు కాస్త ఇబ్బందే, అయినా చెప్పండి. ఊరికి దగ్గరున్న వేబ్రిడ్జి తూకాన్ని ఒప్పుకోండి. వారంలో డబ్బు వెయ్యండి. తొంభై రోజుల క్రెడిట్ ఫ్యాక్టరీల మధ్య నడుస్తుందేమో, ఎరువుల అప్పు ఉన్నవాడి దగ్గర నడవదు. లోటు వచ్చిన ఏడాది ప్లాంటు ఎలా నడపాలో మీరు ముందే ఆలోచించుకోండి, ఆ ఏడాది నెపం రైతు మీద వేయకండి. రెండు జిల్లాల సరుకు కావలసిన ఒక్క పెద్ద ప్లాంటు కన్నా, ఒక తాలూకాకు సరిపోయే చిన్నవి రెండు మూడు పెడితే నాకు నమ్మకం. ఇన్వెస్టర్లకు అది నచ్చదని ఒకరు చెప్పారు. ఇన్వెస్టర్లూ ఈ ఉత్తరం చదువుతారనే పైన వాళ్లనీ కలిపి రాశాను.

సంక్రాంతి అటూ ఇటూగా కంది కోతలు మొదలవుతాయి. దానికి నెల ముందే రేటు, తేమ పరిమితి, కటింగ్ లెక్క, డబ్బు వేసే గడువు ఒక్క పేజీలో తెలుగులో ఒకవైపు, కన్నడలో ఒకవైపు రాయించి, కంపెనీ స్టాంపు వేసి పంపండి. మా ఊళ్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ డెయిరీల దగ్గర నేనే అంటిస్తాను. స్టాంపు లేకపోతే అంటించను.

ఇట్లు,
పావగడ తాలూకా నుంచి వచ్చి దాసరహళ్లిలో ఉంటున్న ఒక పొట్టు వ్యాపారి